ఊడ్చే మనిషి–1 ముఖచిత్రం

దొమ్మేటి గవర్రాజు బొమ్మ వేస్తే పోయినవాడు లేచి కూర్చుంటాడని పెదగట్టుపాలెంలో ఒక పేరుంది. ఊరికే వచ్చిన పేరు కాదది. ఆ ఊళ్ళో పెద్దవాళ్ళు బతికున్నన్నాళ్ళూ వాళ్ళకో మంచి ఫొటో తీయిద్దామన్న ఆలోచన ఎవరికీ రాదు. పోయాక, అరుగు మీద పడుకోబెట్టాక, అప్పుడు గుర్తొస్తుంది. కళ్ళు మూసుకుని, ముక్కులో దూది పెట్టుకున్న ఆ ఫొటో పట్టుకుని గవర్రాజు దగ్గరికి పరిగెత్తుకొస్తారు. గవర్రాజు ఆ దూది తీసేసి, కళ్ళు తెరిపించి, ఒంటికి సిల్కు చొక్కా తొడిగి, పటం కట్టి ఇస్తాడు.

కళ్ళు తెరిపించడమంటే మాటలా? ముందు ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తాడు. "మీ నాన్నగారు కోపమొస్తే అరిచేవారాండీ, అన్నం మానేసేవారాండీ? కూరలో ఉప్పు తగ్గితే ఏమనేవారండీ? ఊళ్ళో ఆయన భయపడింది ఎవరికండీ?" ఈ మూడింటికీ జవాబొచ్చాకే కుంచె ముట్టుకుంటాడు. పటం ఇంటికి వెళ్ళాక కోడళ్ళు దాని ముందు నుంచి నడవడానికి జంకేవారంటే ఇక చూసుకోండి.

అంత పనివాడికీ ఒక్క దిగులుండేది. నలభై ఏళ్ళొచ్చినా బతికున్న మనిషి ఒక్కడూ తన ముందు కూర్చుని బొమ్మ వేయించుకోలేదు. బతికున్నవాళ్ళకి ఫోన్లున్నాయి. అందుకని మిగతా రోజుల్లో స్కూటర్లకి నంబర్లూ, కొట్లకి బోర్డులూ రాసుకునేవాడు.

అలాంటివాడి నెత్తిన సర్కారు వారి జీవో వచ్చి పడింది.

ఆ జీవో పుట్టుక ఏమిటంటే, రాజధానిలో ఒక పెద్ద కార్యదర్శి గారు పరదేశం వెళ్ళి అక్కడో మ్యూజియంలో ఒక పాతకాలపు చిత్రం ముందు ముప్పావుగంట కూర్చున్నారు. కాళ్ళు నొప్పులుగా ఉండటమూ, బెంచీ అక్కడే ఉండటమూ కారణం. పక్కనున్న గైడు, "చూశారా, చిత్రకారుడు ఆ మనిషి గుణమంతా ముఖంలో పట్టేశాడు" అన్నాడు. కార్యదర్శి గారు తిరిగొచ్చి ఉద్యోగుల మీద ఏటేటా రాసే రహస్య నివేదికలు తెప్పించి చూస్తే, రాష్ట్రమంతటా అందరి గుణమూ "సంతృప్తికరం" అనే ఉంది. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం! ఆయనకి ఒళ్ళు మండింది. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, మాట అబద్ధమాడవచ్చును గాని ముఖము ఆడజాలదు. కావున ఇకపై ప్రతి ఉద్యోగి గుణగణములను నివేదికకు బదులు తైలవర్ణ ముఖచిత్రము ద్వారా నిర్ధారించవలెను" అని ఉత్తర్వు చేసేశారు.

పెదగట్టుపాలెం మున్సిపాలిటీ హెడ్ క్లర్కు కాశీపతి గారు ఆ కాయితం కళ్ళకద్దుకున్నారు. ఎద్దు ఈనిందని పైనుంచి కాయితం వస్తే దూడకి రిజిస్టరు తెరిచే రకం ఆయన. సాయంత్రానికల్లా గవర్రాజుకి కబురెళ్ళింది. దరఖాస్తులో "గుణమును పట్టుకొనుటలో పూర్వానుభవము" అన్న గడిలో గవర్రాజు, "నాటకాల తెరల మీద పదేళ్ళు రావణాసురుణ్ణి వేశాను" అని రాశాడు. కాశీపతి గారు దానికి టిక్కు పెట్టి, తరవాతి గడి దగ్గర ఆగారు.

"కార్యాలయములో బంధువులెవరైనా కలరా?"

"ఉన్నారండి. మా మేనత్త నూకరత్నమండి. ఇరవయ్యారేళ్ళ నుంచి ఇక్కడ ఊడుస్తందండి."

కాశీపతి గారు హాజరు పుస్తకం తిరగేశారు. "సదరు పేరు గల వ్యక్తి మా రికార్డులో లేరు. 'ఊడ్చే మనిషి–1' అని మాత్రమే కలదు."

"ఆవిడేనండి అది!"

"మనిషి–1కి పేరు లేదు. పేరు లేని వ్యక్తికి బంధుత్వము ఉండజాలదు," అని ఆయన ఆ గడిలో 'లేరు' అని రాసేశారు.

గవర్రాజుకి చురుక్కుమంది. తల్లి పోతే రెండేళ్ళవాణ్ణి తెచ్చి పెంచిన మనిషి నూకరత్నం. పర్మనెంటు కాని వాళ్ళకి పేరుండదన్నది ఆ ఆఫీసు ఆచారం. ఇరవయ్యారేళ్ళూ ఆమె అడిగింది ఒక్కటే. పర్మనెంటు వాళ్ళ ఎర్ర అట్ట రిజిస్టర్లో తన పేరు రాయాలి, దాని పక్కన తను సంతకం పెట్టాలి. దానికోసం గవర్రాజు చేత అక్షరాలు దిద్దించుకుంది కూడా. వాడు బోర్డులు రాసేవాడు కదా, తనకొచ్చినట్టే నేర్పాడు. అందుకని ఆమె ప్రతి అక్షరానికీ కుడిపక్కన నీడ కూడా గీస్తుంది. మార్చి నెలాఖరుకి ఆమెకి అరవై నిండుతాయి. పర్మనెంటు చేసే ఫైలు ఎట్టకేలకు కదిలింది గానీ, దానికిప్పుడు ముఖచిత్రం జతపరచాలట.

"నా మొగం కూడా ఏత్తావేంట్రా గవర్రాజూ?" అని ఆమె నోరంతా తెరిచి నవ్వింది. ముందు పళ్ళు పైన రెండూ కింద రెండూ లేవు. ఆ నవ్వు వీధి చివరికి వినబడుతుంది.

"నీదే వేస్తానత్తా. ముందు ఆఫీసర్లయిపోనీ."

మొదట కూర్చున్నది టౌన్ ప్లానింగ్ ఆఫీసరు భద్రంగారు. బతికున్న మనిషి ఎదురుగా కూర్చునేసరికి గవర్రాజు సంతోషంలో కుంచె తలకిందులుగా పట్టుకున్నాడు. ఆయన కదులుతున్నాడు, ఆవులిస్తున్నాడు, చెవి గోక్కుంటున్నాడు, అబ్బబ్బ, ఎంత బాగుందో! నాలుగు రోజులు దీక్షగా వేశాడు. తీరా చూస్తే చిత్రంలో భద్రంగారి కళ్ళు ఎదుటివాడి ముఖం మీద లేవు. కాస్త కిందికి, కుడిపక్కకి వాలి ఉన్నాయి.

"ఏమిటయ్యా ఇది! నా కళ్ళు ఎటు చూస్తున్నాయి?"

"వచ్చినోళ్ళ చేతిసంచీలోకండి. నాలుగు రోజుల్నుంచీ చూస్తన్నాను కదండీ. నిన్న పూతరేకుల డబ్బా వచ్చినప్పుడైతే మీ కనుపాపలు పెద్దవయ్యేయండి. అదే పట్టేనండి."

భద్రంగారు కుర్చీలోంచి లేచిన లేవడం కమిషనర్ నరహరి గారి గదిలో ఆగాడు. విచిత్రం ఏమిటంటే, తాను సంచులు చూడనని ఆయన ఎక్కడా అనలేదు. "సదరు చిత్రకారుడు ప్రామాణికములు లేకుండా కనుపాపలు పెంచినాడు" అన్నదే ఆయన ఫిర్యాదు. తరవాత అకౌంటెంటు వచ్చాడు. ఆయన చిత్రం పెళ్ళాన్ని తలుచుకుని భయపడుతున్నట్టుందట. శానిటరీ ఇన్‌స్పెక్టరు బొమ్మ కళ్ళు తెరిచి నిద్రపోతోందట. అందరూ మూకుమ్మడిగా ధర్నాకి కూర్చున్నారు.

కమిషనర్ గారు కమిటీ వేశారు. కమిటీ పదకొండుసార్లు సమావేశమై ప్రామాణికములు ఖరారు చేసింది. నిజాయితీకి చూపు తిన్నగా ఉండవలెను. కార్యదక్షతకు నుదుటిపై మూడు గీతలు. విధేయతకు మెడ కుడివైపునకు పదిహేను డిగ్రీల వంపు. ప్రజాసేవా తత్పరతకు చిరునవ్వు అర అంగుళము, పళ్ళు కనబడరాదు.

"మరి మనిషండీ?" అన్నాడు గవర్రాజు.

"మనిషి ఐచ్ఛికము," అన్నారు కాశీపతి గారు.

నెల తిరిగేసరికి డెబ్భై రెండు చిత్రాలు తయారయ్యాయి. అన్నీ ఒక అచ్చులో పోసిన బొబ్బట్లే. కమిషనర్ గారు వరసగా పెట్టించి చూసి, "ఇందులో నేనెవర్నయ్యా?" అని అడిగారు. ఎవరూ చెప్పలేకపోయారు. గవర్రాజుకీ తెలియలేదు. ఆ రోజు ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుని, "పోయినోళ్ళని బతికించేవోణ్ణత్తా నేను. ఇప్పుడు బతికున్నోళ్ళని సంపేత్తన్నాను" అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి వాడికి.

"ఊర్కోరా! ఆళ్ళు ముందే సచ్చుంటారు, నీ మీదకెందుకేసుకుంటావ్?" అని నూకరత్నం ఇంకో ముద్ద పెట్టింది.

ఆఫీసులో మాత్రం చిక్కొచ్చి పడింది. చిత్రం ఒకలా, ఉద్యోగి ఒకలా ఉంటే ఏది సరైనది? చిత్రానికి కమిషనర్ గారి సంతకమూ సీలూ ఉన్నాయి. ఉద్యోగి ముఖానికి సీలు లేదు. కాబట్టి చిత్రమే సరైనదని తేలింది. "ఉద్యోగులు ముప్పది దినములలోగా తమ ముఖములను ఆమోదిత చిత్రములతో సరిపోల్చుకొనవలెను. లేనియెడల గైరుహాజరుగా పరిగణించబడును."

ఇక చూడాలి ఆ సంబరం! డెబ్భై రెండు మెడలు పదిహేను డిగ్రీలు వాలాయి. గుమ్మంలో కాశీపతి గారు స్కూలు పిల్లల కోణమానిని పట్టుకుని నిలబడేవారు. అర అంగుళం నవ్వు జారిపోకుండా కొందరు బుగ్గల లోపల చింతగింజలు పెట్టుకున్నారు. నుదుటి గీతలు పడక కుర్ర గుమాస్తాలు రాత్రులు బిగుతుగా తలగుడ్డలు కట్టుకుని పడుకున్నారు. తండ్రి మరణ ధ్రువపత్రం కోసం ఏడుస్తూ వచ్చిన ఒకాయనకి నలుగురు గుమాస్తాలు నాలుగు బల్లల మీంచి ఒకే చిరునవ్వు నవ్వేసరికి ఆయన చెప్పులు వదిలేసి పారిపోయాడు.

మూడో వారానికి అందరి మెడలూ పట్టేశాయి. సెలవు చీటీలు చాటెడు వచ్చి పడ్డాయి. నూనె మర్దనా చేసే ముసలాయన ఇంటి ముందు మున్సిపాలిటీ మొత్తం బారు తీరింది. ఆఫీసు మూతపడుతుందేమోనని కమిషనర్ గారు కంగారు పడితే, కాశీపతి గారే దారి చూపించారు.

"సర్, ప్రభుత్వమునకు కావలసినది ఉద్యోగి గుణము. ఆ గుణము చిత్రమునందు ధ్రువీకరింపబడియున్నది. తదనుగుణముగా చిత్రమునే కుర్చీలో కూర్చుండబెట్టిన యెడల విధి నిర్వహణకు భంగము కలుగదని మనవి."

మర్నాటి నుంచి కుర్చీల్లో పటాలు కూర్చున్నాయి. పటాలకి హాజరు వేయడానికి కాశీపతి గారూ, వాటి చుట్టూ ఊడ్వడానికి నూకరత్నమూ మాత్రమే స్వయంగా వచ్చేవారు.

ఇక ఆఫీసు గతి ఏమవుతుందోనని గవర్రాజు భయపడ్డాడు. ఏమీ కాలేదు! అర్జీలు తెచ్చినవాళ్ళు పటాల ముందు పెట్టి నమస్కారం చేసి వెళ్ళేవారు. వారం తరవాత వచ్చి చూస్తే అర్జీ పెట్టినచోటే ఉండేది. ఏళ్ళ తరబడి తిరుగుతున్నవాళ్ళకి అందులో కొత్తేమీ కనిపించలేదు. పైగా, "ఈయనెవరో గానండీ మా మంచాయన! కసురుకోడు, సంచీలోకి చూడ్డు" అని ఒక ముసలమ్మ భద్రంగారి పటానికి మందారపువ్వు కూడా పెట్టింది. ఫిర్యాదుల పెట్టె మొట్టమొదటిసారి ఖాళీగా తేలింది. జూమ్ మీటింగులో కమిషనర్ గారి పటాన్ని కెమెరా ముందు పెడితే, రెండున్నర గంటలు అడ్డురాకుండా విన్నందుకు రాజధాని నుంచి ప్రశంసాపత్రం వచ్చింది.

అప్పుడు, మార్చి రెండోవారంలో, నూకరత్నం వంతు వచ్చింది.

"అత్తా, కాసేపు నోరు మూసుకోవే, అర అంగుళమే నవ్వాలి."

ఆమె మూసుకుంది. అద్దం అడిగి చూసుకుంది. చూసుకోగానే పకాలుమంది. మళ్ళీ మూసుకుంది, మళ్ళీ పకాలుమంది. నాలుగోసారికి కళ్ళు తుడుచుకుని నెమ్మదిగా అంది: "ఆ మూతి నాది కాదురా. అయినా ఏసెయ్. పేరు రావాలి కదా."

గవర్రాజు వేశాడు. తనని పెంచిన మనిషికి లేని గీతలు మూడు గీసి, నిటారుగా ఉండే మెడని పదిహేను డిగ్రీలు వంచి, పెదాలు కుట్టేశాడు. ఫైలుకి జతపరచమని ఆ పటం కాశీపతి గారి చేతికిస్తుంటే సిగ్గుతో తల తీసేసినట్టయింది వాడికి. నూకరత్నం మాత్రం పర్మనెంటు అయిందని కబురు రాగానే కొత్త కోక కట్టుకుని, బొటనవేలుకి సిరా అంటకుండా పెన్ను పట్టుకోవడం నాలుగుసార్లు అభ్యాసం చేసి, ఆఫీసుకి బయల్దేరింది.

గుమ్మంలో కాశీపతి గారు లోపలున్న పటాన్నీ ఎదురుగా ఉన్న ఆమెనీ మార్చి మార్చి చూశారు. "ముఖ సామ్యము లేదు. నూకరత్నము గారు ఇదివరకే విధులలో చేరినారు. మీరెవరు?"

పటం అప్పటికే మూల గోడకి ఆనించి ఉంది. పక్కన చీపురు పెట్టారు. ఎర్ర అట్ట రిజిస్టర్లో 'నూకరత్నం' అని రాసి, ఎదురుగా 'హాజరు' అని వేశారు. పేరు వచ్చింది, మనిషి గుమ్మం బయటే ఉండిపోయింది. నూకరత్నం ఆ అక్షరాలకేసి కాసేపు చూసి, పటానికేసి తిరిగింది.

"సర్లే అమ్మా నూకరత్నం. ఊడ్చు మరి!" అని వెళ్ళిపోయింది. ఆ రోజు మాత్రం నవ్వలేదు.

మొదటిరోజు ఏమీ తెలియలేదు. రెండోరోజు కాశీపతి గారు టీ గ్లాసుల మధ్య కాలు పెట్టుకోవడానికి చోటు వెతుక్కున్నారు. మూడోరోజు మరుగుదొడ్డి వాసన వీధిలోకి వచ్చింది. అయిదోరోజు అరటి తొక్కల మీద ఒక అర్జీదారు జారి అకౌంటెంటు పటం ఒళ్ళో పడ్డాడు. ఎలుకలు దిగాయి. రంగుల్లో కలిపిన అవిసెనూనె రుచి మరిగి భద్రంగారి పటం ముక్కు కొరికేశాయి. ముఖ సామ్యం నిబంధన గుర్తొచ్చి అసలు భద్రంగారు ఊరొదిలి అత్తారింటికి పారిపోయాడు.

డెబ్భై రెండు పటాలు కూర్చుంటే ఊళ్ళో ఎవరికీ తెలియలేదు. ఒక్క చీపురు పటం కూర్చునేసరికి ఊరంతా ముక్కు మూసుకుంది.

కమిషనర్ గారు జేబురుమాలు అడ్డం పెట్టుకుని స్వయంగా వచ్చారు. "ఎందుకు ఊడ్వలేదో మూడు దినములలోగా సంజాయిషీ ఇవ్వవలెను" అని నూకరత్నం పటానికి మెమో అంటించారు. పటం సంజాయిషీ ఇవ్వలేదు. మౌనాన్ని అంగీకారంగా పరిగణించి పటాన్ని సస్పెండు చేశారు. అయినా కంపు తగ్గలేదు. పైగా కార్యదర్శి గారు ఇరవై తొమ్మిదో తారీకున స్వయంగా తనిఖీకి వస్తున్నట్టు ఫోనొచ్చింది. అప్పుడు గవర్రాజుని పిలిపించారు.

"గుణచిత్రణలో లోపమున్నది. సదరు పటమునందు ఊడ్చు గుణము కొరవడినది. ఏమంటావు?" అన్నారు కాశీపతి గారు.

గవర్రాజుకి ఇన్నాళ్ళ ఉక్రోషమూ గొంతులోకి వచ్చింది. "ఎక్కడ పెట్టమంటారండీ? మూడు గీతలు, పదిహేను డిగ్రీలు, అరంగుళం నవ్వు. మీ కొలతల్లో చీపురు పట్టేచోటు ఎక్కడుందండి? ఆ మెడతో ఒంగితే మనిషి బోర్లా పడిపోద్దండి! ఊడ్చే మనిషి కావాలంటే ఊడ్చే మనిషినే వెయ్యాలండి. ఆయ్!"

కమిషనర్ గారికి తనిఖీ భయం ముందు ప్రామాణికములు గుర్తు రాలేదు. "వెయ్యవయ్యా బాబూ, నీ ఇష్టం వచ్చినట్టు వెయ్యి! రేపటికల్లా ఊడవాలి, అంతే!"

గవర్రాజు ఇంటికి పరిగెత్తాడు. ఈసారి ఆమెని కూర్చోబెట్టలేదు. "నీ పని నువ్వు చేసుకో అత్తా" అన్నాడు. ఆమె వాకిలి ఊడుస్తూ, కోడిని అదిలిస్తూ, పక్కింటావిడని ఆటపట్టిస్తూ తిరిగింది. వాడు అడగవలసిన ప్రశ్నలేవీ లేవు. కూరలో ఉప్పు తగ్గితే ఏమంటుందో వాడికి తెలుసు. ఎవరికీ భయపడదనీ తెలుసు. కుంచె దానంతటది నడిచింది. తెరిచిన నోరు, లేని నాలుగు పళ్ళు, చెంపకంటిన దుమ్ము, నిటారు మెడ, నవ్వి నవ్వి కళ్ళ పక్కన పడ్డ ముడతలు. అవి మూడు కాదు, లెక్కపెట్టలేనన్ని. పూర్తయ్యాక గవర్రాజు పటం ముందు కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇన్నాళ్ళకి బతికున్న మనిషిని వేశాడు.

మర్నాడు గుమ్మంలో కాశీపతి గారు కోణమానిని తీశారు, స్కేలు తీశారు, భూతద్దం తీశారు. పటాన్ని కొలిచి మనిషిని కొలిచారు. మళ్ళీ కొలిచారు. కమిషనర్ గారికి వినబడేలా లోపలికి కేకేశారు.

"సర్! నూటికి నూరు పాళ్ళు ముఖ సామ్యము! ఈ కార్యాలయ చరిత్రలో ఇది ప్రథమము!"

నిబంధన నిబంధనే. సామ్యమున్న ఉద్యోగిని లోపలికి రానివ్వక తప్పదు. ఎర్ర అట్ట రిజిస్టరు ఆమె ముందు తెరిచారు. నూకరత్నం నాలుక మునిపంట నొక్కిపట్టడానికి మునిపళ్ళు లేవు కాబట్టి పెదవి నొక్కిపట్టి, ఒక్కొక్క అక్షరమే రాసింది. రాశాక ఒక్కోదానికీ కుడిపక్కన నీడ గీసింది. పావుగంట పట్టింది. సంతకం మూడు గళ్ళు దాటి కమిషనర్ గారి గడిలోకి వెళ్ళింది. ఆమె దాన్ని వేలితో తడిమి చూసుకుని, కొంగు నడుముకి దోపి, మధ్యాహ్నానికి ఆఫీసంతా అద్దంలా చేసేసింది.

ఇరవై తొమ్మిదిన కార్యదర్శి గారొచ్చారు. వరసగా పటాలు చూస్తూ ఆవులిస్తూ నడిచారు. నూకరత్నం పటం ముందు మాత్రం ఆగిపోయారు. ముప్పావుగంట నిలబడ్డారు. బెంచీ కూడా అడగలేదు. "ఇదయ్యా గుణమంటే! ఎంత పారదర్శకత! ఎంత నిష్కాపట్యం! రాష్ట్రమంతటా ఇదే నమూనా కావాలి!" అన్నారు. గవర్రాజు గుండె ఉప్పొంగింది. పోనీలే, ఇన్నాళ్ళకి ఒక్కడికైనా అర్థమైంది అనుకున్నాడు.

ముప్పై ఒకటో తారీకు ఉదయానికి ఉత్తర్వు వచ్చేసింది. "నూకరత్నము నమూనాను అనుసరించి, ఉద్యోగులందరును ముప్పది దినములలోగా తమ ముందు పళ్ళు నాలుగింటిని తొలగించుకొని, నోరు రెండున్నర అంగుళములు తెరచి నవ్వవలెను."

ఆ సాయంత్రం నూకరత్నం రిటైరయింది. మెడలో బంతిపూల దండతో, చేతిలో తన పాత చీపురుతో, మేనల్లుడి పక్కన నడుచుకుంటూ బజారు వీధిలోకి వచ్చేసరికి, పళ్ళ డాక్టరు మెట్ల దగ్గర్నుంచి సంత దాకా బారు కనబడింది. ముందు శానిటరీ ఇన్‌స్పెక్టరు, వెనక అకౌంటెంటు, ఆ వెనక అత్తారింటి నుంచి దిగిన భద్రంగారు, అందరూ బుగ్గలు పట్టుకుని నిలబడి ఉన్నారు. బారు పక్కన కాశీపతి గారు మోకాలి మీద కాయితం పెట్టుకుని స్పష్టత కోరుతూ పైకి లేఖ రాస్తున్నారు.

ఆయన నూకరత్నాన్ని చూసి లేచి నిలబడ్డారు. జన్మలో మొదటిసారి పేరు పెట్టి పిలిచారు. "నూకరత్నము గారూ! తమరివి పైన రెండు, దిగువ రెండా? లేక పైన మూడు, దిగువ ఒకటా? ఒక్కసారి చూపించెదరా?"

నూకరత్నం ఆయన్ని చూసింది. బారుని చూసింది. తరవాత నోరు తెరిచింది.

ఆ నవ్వుకి బారంతా అటు తిరిగింది, పళ్ళ డాక్టరు పట్టకారు పట్టుకుని బయటికొచ్చాడు. ఆమె కడుపు పట్టుకుని, చీపురు మీద ఆనుకుని, బంతిపూలు రాలిపోయేలా నవ్వుతూనే ఉంది. కాశీపతి గారు స్కేలు తీసి ఆమె నోటి దగ్గర పెట్టి, చూసి, తెల్లబోయి, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నారు.

గవర్రాజు మేనత్తకేసి చూసి నాలిక కరుచుకున్నాడు. పటంలో నోరు బాగా చిన్నది వేసేశాడు.